బాంబీలియస్ మేజర్ తేనెటీగా, ఈగా?

ఒళ్లంతా గోధుమరంగు నూగు, పూల చుట్టూ ఝుమ్మని తిరగడం చూసి తేనెటీగ అనుకుంటారు గానీ, ఇది అచ్చంగా ఈగే. రెక్కలు చూడండి: తేనెటీగకు రెండు జతలు, దీనికి ఒక్కటే. వెనక జత ఉండాల్సిన చోట, ఎగిరేటప్పుడు నిలకడ తప్పకుండా చూసే చిన్న బొడిపెలుంటాయి. అందుకే ఈగలు, దోమలు ఉండే డిప్టెరా క్రమంలో, బాంబీలిడే కుటుంబంలో చేర్చారు. పేరు పెట్టింది స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్, 1758లో.

రెక్కల ముందంచు ముదురు గోధుమ, వెనక భాగం పారదర్శకం. గుర్తుపట్టడానికి అదే తేలిక. పొడుచుకొచ్చిన తొండం చూస్తే భయమేస్తుంది కానీ అది మకరందం తాగడానికే, కుట్టదు. అసలు విడ్డూరం ఆడ ఈగది. పొట్ట చివరి చిన్న గదిలో మట్టి, ఇసుక నింపుకుని గుడ్లకు పూస్తుంది. నేలలో గూడు కట్టే ఒంటరి తేనెటీగల బొరియల మీదికి ఆ గుడ్లను గాల్లోంచే విసురుతుంది. లార్వా లోపలికి పాకి, ఆ తేనెటీగల పిల్లలనే తిని పెరుగుతుంది.