బల్ల కాళ్లు విప్పినచోట మొదలైన వ్యాపారం

ఇంటి సామాను అమ్మే స్వీడన్ సంస్థ ఐకియా హైదరాబాదు దుకాణం గురించి, ఆ సంస్థ వ్యాపార పద్ధతి గురించి పాఠకులు రాసిన ఉత్తరాలలో నాలుగింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: ఒక టేకు మంచం చేయించే ఖర్చుతో అక్కడ మంచం, బల్ల, పుస్తకాల అర మూడూ వస్తున్నాయి. ఇంత చౌకగా అమ్ముతూ అన్ని దేశాలకూ ఎలా విస్తరించగలిగారు? సరఫరాదారుల దగ్గర గట్టిగా బేరమాడటమేనా కిటుకు? – ఎం.బి.ఏ. విద్యార్థిని, హనుమకొండ

జవాబు: బేరం ఉంది కానీ అసలు కిటుకు అది కాదు. మన ఊళ్లలో సామాను దుకాణదారు కలప ఖర్చు, మేస్త్రి కూలి, లారీ కిరాయి, దుకాణం అద్దె అన్నీ కూడి, ఆపైన లాభం వేసుకుని ధర చెబుతాడు. కొనేవారు పట్టుబడితే ఆ లాభంలో కొంత వదులుకుంటాడు. ఐకియా ఈ లెక్కను చివరి నుంచి మొదలుపెడుతుంది. ఈ బల్లను ఈ ధరకే అమ్మాలని ముందు నిశ్చయించి, ఆ ధరలో ఇమిడే కొలతలు, పదార్థం, కర్మాగారం, చివరకు అట్టపెట్టె పరిమాణం కూడా వెతకమని రూపకర్తకు అప్పగిస్తుంది. ఆ దుకాణంలో 'లాక్' అనే చిన్న చదరపు బల్ల ఉంటుంది. దాని మూల పట్టుకుని ఒక చేత్తో ఎత్తి చూడండి. చూపుకు దిమ్మలా ఉన్న ఆ బల్ల అనుకున్నంత బరువు ఉండదు. పైనా కిందా పలుచని పలకలు, మధ్యలో తేనెపట్టులా గదులు గదులుగా అమర్చిన కాగితం ఉంటాయి. కలప తగ్గింది, బరువు తగ్గింది, దానితో రవాణా ఖర్చూ తగ్గింది.

ఈ ఆలోచన ఒక్కరోజులో పుట్టినది కాదు. ఇంగ్వార్ కాంప్రాడ్ 1943లో, పదిహేడేళ్ల వయసులో, స్వీడన్‌లోని స్మోలాండ్ ప్రాంతంలో ఈ సంస్థను మొదలుపెట్టినప్పుడు అమ్మినవి పెన్నులు, పర్సుల వంటి చిల్లర సామాన్లు. చెక్క సామాను 1948లో చేరింది. ఆకు ఆకారపు చిన్న బల్ల ఒకటి కారులో పట్టకపోతే గిల్లిస్ లుండ్‌గ్రెన్ అనే ఉద్యోగి దాని కాళ్లు విప్పి పెట్టాడని సంస్థ చరిత్ర చెబుతుంది. ఆ బల్ల 1956లో విడిభాగాలుగా అమ్మకానికి వచ్చింది. అంతవరకూ బల్ల కింద ఉండే ఖాళీకి కూడా లారీ కిరాయి కట్టేవారన్నమాట. కాళ్లు విప్పి పలకకు ఆనించి కట్టేస్తే, అదే లారీలో ఎన్నో రెట్లు ఎక్కువ బల్లలు పడతాయి, గోదాములో తక్కువ చోటు చాలుతుంది, దారిలో కాళ్లు విరగవు. బిగించే పని కొన్నవారి ఇంటికి చేరుతుంది కాబట్టి ఆ కూలి కూడా ధరలో నుంచి పోతుంది. గోదాము అరల మధ్య బండి తోసుకుంటూ పెట్టెను మనమే దించుకోవడం, కారుకెక్కించడం కూడా ఈ లెక్కలోవే.

ఇక్కడ ఒక చిన్న వస్తువును దగ్గరగా చూడాలని నా కోరిక. పెట్టె విప్పితే ఒక పొట్లంలో స్క్రూలు, చెక్క మేకులు, వంకర తిరిగిన ఒక ఇనుప కడ్డీ, వాటితో పాటు ఒక పుస్తకం ఉంటాయి. బిగించే వరుసను ఆ పుస్తకం మాటలతో చెప్పదు, అన్నీ బొమ్మలే. హైదరాబాదులో విప్పినా టోక్యోలో విప్పినా అదే పుస్తకం. ఎన్నో భాషల్లోకి అనువదించి, దేశానికొకటి అచ్చువేసి, ఏ పెట్టెలో ఏది పెట్టాలో వేరుచేసే శ్రమంతా దానితో తప్పింది. ప్రపంచవ్యాప్త వ్యాపారమంటే ఏమిటో మీ తరగతిలో చర్చకు వస్తే ఆ పుస్తకాన్ని తీసుకెళ్లి చూపించండి.

సరఫరాదారుల సంగతీ అడిగారు. చౌక ధరలు గిట్టని స్వీడన్ వ్యాపారులు 1950లలో ఈ సంస్థకు సరుకు ఇవ్వవద్దని తయారీదారులపై ఒత్తిడి తెచ్చారు. దానితో ఐకియా సొంతంగా రూపకల్పన మొదలుపెట్టింది, 1961లో పోలండ్ కర్మాగారాల తలుపు తట్టింది. వెలివేయడానికి చేసిన ప్రయత్నమే దానికి సొంత నమూనాలను, చౌక తయారీని తెచ్చిపెట్టింది.

ప్రశ్న: ఒకే సరుకును అన్ని దేశాల్లో అమ్మడం ఎలా కుదురుతుంది? మన దేశం కోసం ఏమైనా మార్చారా? – గృహిణి, విజయవాడ

జవాబు: ఒకే బల్లను లక్షల సంఖ్యలో చేయిస్తేనే ఆ ధర నిలుస్తుంది కాబట్టి, వీలైనంతవరకు సరుకును మార్చకపోవడం ఆ సంస్థ నియమం. ఆ నియమం చాలాచోట్ల దెబ్బతిన్నది కూడా. 1974లో జపాన్ వెళ్లి, అక్కడి ఇరుకు ఇళ్లకు, సామాను సొంతంగా బిగించుకోవడం ఇష్టపడని కొనుగోలుదారులకు సరిపడక 1986లో వెనుదిరిగింది. మళ్లీ అడుగుపెట్టడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1985లో అమెరికాలో అడుగుపెట్టినప్పుడు దాని మంచాలు సెంటీమీటర్ల కొలతలో ఉన్నందున అక్కడి దుప్పట్లు సరిపోలేదు. మంచినీళ్ల గ్లాసులు మరీ చిన్నవని అమెరికన్లు పూలు పెట్టుకునే గాజు జాడీలు కొని వాటితో నీళ్లు తాగారట. 1998లో షాంఘై వెళ్లాక చైనాలో స్థానిక తయారీ పెంచి ధరలు గట్టిగా తగ్గించవలసి వచ్చింది. ఈ అనుభవాల తరువాత ఆ సంస్థ ఒక మధ్యేమార్గం ఎంచుకుంది: సరుకులో ఎక్కువ భాగం అలాగే ఉంటుంది, దాని చుట్టూ ఉన్నవి మారతాయి.

మన దగ్గర జరిగింది అదే. ఒకే బ్రాండు చిల్లర వ్యాపారంలో నూరు శాతం విదేశీ పెట్టుబడికి ప్రభుత్వం 2012లో అనుమతించాక ఐకియా 10,500 కోట్ల రూపాయల పెట్టుబడి ప్రతిపాదనతో ముందుకు వచ్చింది. సరుకులో 30 శాతం ఇక్కడే కొనాలన్న షరతు ఉన్నా, భారతదేశం నుంచి నేత సరుకు, తివాచీలు కొనడం దానికి కొత్తేమీ కాదు. 2018 ఆగస్టు 9న హైటెక్ సిటీలో సుమారు నాలుగు లక్షల చదరపు అడుగుల దుకాణం తెరిచే ముందు ఆ సంస్థ మనుషులు దాదాపు వెయ్యి ఇళ్లు తిరిగి చూశారు. ఇక్కడి పరుపులలో కొబ్బరి పీచు చేరింది. వెయ్యి సీట్ల భోజనశాలలో స్వీడన్ మాంసపు ఉండల స్థానంలో కోడిమాంసం, కూరగాయల ఉండలు వచ్చాయి, బిర్యానీ వచ్చింది. వెయ్యి వస్తువులను 200 రూపాయల లోపు ధరకు పెట్టారు. మొదటిసారి వచ్చినవారు ఒట్టి చేతులతో వెళ్లకూడదన్నది దాని వెనుక ఆలోచన. సామాను సొంతంగా బిగించుకోవడం మనకు అలవాటు లేదని గ్రహించి, బిగించే మనుషులను పంపే ఏర్పాటు కూడా చేశారు. అంటే స్వీడన్‌లో ధరలో నుంచి తీసేసిన ఆ కూలి, ఇక్కడ వేరే రుసుముగా తిరిగి వచ్చిందన్నమాట. మీరు ధరలు పోల్చుకునేటప్పుడు ఆ రుసుమును, ఇంటికి చేర్చే ఖర్చును కలుపుకుని చూడండి.

ప్రశ్న: ఈ సంస్థకు అసలు యజమాని ఎవరు? – దుబాయ్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఒక్క మనిషి పేరు చెప్పలేం. కాంప్రాడ్ 1982లో నెదర్లాండ్స్‌లో ఒక ఫౌండేషన్ ఏర్పాటుచేసి వ్యాపారాన్ని దానికి అప్పగించారు. దాని కింద ఉన్న 'ఇంగ్కా' (Ingka) గ్రూప్ అత్యధిక దుకాణాలను నడుపుతుంది. ఐకియా పేరు, పద్ధతి మాత్రం ఇంటర్ ఐకియా అనే వేరే సంస్థ సొత్తు. దుకాణం నడిపేవారు తమ అమ్మకాలలో 3 శాతం దానికి రుసుము కట్టాలి. మీ దుబాయ్ దుకాణాన్ని నడిపేది అల్ ఫుత్తైమ్ అనే అక్కడి వ్యాపార సంస్థ. వాటాదారులు లేనందున ఏ మూడు నెలలకా మూడు నెలలు లాభం చూపవలసిన ఒత్తిడి ఉండదు, కొత్త దేశంలో పదేళ్లు ఓపిక పట్టవచ్చు. అయితే ఈ అమరికే పన్ను తప్పించుకోవడానికి పనికివస్తోందన్న విమర్శ ఉంది. యూరోపియన్ కమిషన్ 2017లో దీనిపై దర్యాప్తు ప్రారంభించింది. 1990లలో తివాచీల తయారీలో బాలకార్మికుల ప్రశ్న వచ్చింది. తూర్పు జర్మనీలో రాజకీయ ఖైదీల చేత చేయించిన సరుకు కూడా తనకు చేరిందని 2012లో ఆ సంస్థే అంగీకరించింది. తక్కువ ధర భారం ఎవరి మీద పడుతోందన్నది కొనేవారంతా అడగవలసిన ప్రశ్న.

ప్రశ్న: మా నాన్న వడ్రంగి. ఇలాంటి దుకాణాలు పెరిగితే మా వృత్తి నిలుస్తుందా? – సిద్దిపేట నుంచి ఒక యువకుడు

జవాబు: మీ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించాను. మీ నాన్నగారు చేసే టేకు మంచం కూడా తల పలక, కాళ్ల పలక, పక్క పట్టెలుగా విడదీసే ఇల్లు చేరుతుంది. విప్పి బిగించే విద్య మనకు తెలియనిది కాదు. పెద్ద సంస్థ చేసినదల్లా ఆ విద్యను ప్రతి వస్తువుకూ వర్తింపజేసి లెక్క కట్టడమే. పార్టికల్ బోర్డు (చెక్క తునకలను జిగురుతో అదిమి చేసే పలక) చేసే పనిని అంతకంటే చౌకగా చేయాలని చూడకండి, ఆ పోటీలో మీరు గెలవలేరు. వంకర గోడకు అతికినట్టు కుదిరే అల్మరా, దూలం కింద మిగిలిన జానెడు చోటులో పట్టే అర, రోజూ నీళ్లతో కడిగే వంటింట్లో అంచు ఉబ్బని చెక్క, విరిగిన కాలును మార్చి మరో పాతికేళ్లు నిలబెట్టే మరమ్మతు – ఇవి పెట్టెలో పెట్టి అమ్మేవి కావు.

అయితే జనం ఆ దుకాణానికి వెళ్లేది ధర కోసం మాత్రమే అనుకోకండి. చీటీ మీద రాసి ఉన్న ధర మారదు, చూసిన నమూనాయే ఇంటికి వస్తుంది, వస్తువు వెంటనే దొరుకుతుంది. వడ్రంగి దగ్గర ఈ మూడింటికీ హామీ ఉండదన్నది నేను చాలా ఇళ్లలో విన్న మాట. పని ఒప్పుకున్న రోజే కొలతలు, కలప రకం, మొత్తం ధర, ఇచ్చే తేదీ ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. చేసిన ప్రతి పనిని ఫోనులో ఫొటో తీసి వచ్చినవారికి చూపించండి. పెద్ద అల్మరాను మేకులతో కాక బోల్టులతో బిగించేలా చేస్తే అపార్టుమెంటు లిఫ్టులో పడుతుంది, ఇల్లు మారినప్పుడు విప్పి తీసుకెళ్లవచ్చు. అద్దె ఇళ్లలో ఉండేవారు ఆ సౌకర్యానికి తప్పక విలువ ఇస్తారు. మొదట ఒక్క అల్మరాను అలా చేసి, అది ఎలా కుదిరిందో మాకు రాయండి.