లోపలి చక్రం గాల్లోకి లేస్తోందా?

ప్రశ్న: ముందు చక్రాలతో నడిచే 1200 సీసీ హ్యాచ్‌బ్యాక్‌ను చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై సర్క్యూట్ కోసం సిద్ధం చేస్తున్నాను. నెమ్మది మలుపుల నుంచి బయటపడుతూ యాక్సిలరేటర్ తొక్కితే లోపలి చక్రం ఊరికే తిరిగిపోతోంది. డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకు పంచే గేర్ల అమరిక) మార్చి, ఒక చక్రమే ఊరికే తిరగకుండా అడ్డుకునే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వేయించుకుంటే హెలికల్ (ఏటవాలు పళ్ల గేర్ల) రకం మంచిదా, ప్లేట్ల రకం మంచిదా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఏ రకమైనా కొనే ముందు, మీరు పోటీ చేసే క్లాసు నిబంధనలు దాన్ని అనుమతిస్తాయో లేదో చూసుకోండి. ఆ తర్వాత, స్నేహితుడిని మలుపు పక్కన నిలబెట్టి వీడియో తీయించండి. ముందరి లోపలి చక్రం నేలను ఆనుకునే జారుతోందా, పూర్తిగా గాల్లోకి లేస్తోందా అన్నదాన్ని బట్టే మీ ప్రశ్నకు జవాబు ఉంటుంది.

మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన టార్క్ (తిప్పే బలం) పంపుతుంది. లోపలి చక్రం 200 న్యూటన్ మీటర్లకు మించి పట్టుకోలేకపోతే బయటి చక్రానికీ అంతే అందుతుంది కాబట్టి, ఇంజిన్‌కు ఎంత బలమున్నా నేలకు చేరేది 400 మాత్రమే. హెలికల్ రకంలో, దాని టార్క్ బయాస్ నిష్పత్తి (తక్కువ పట్టున్న చక్రం కంటే రెండోదానికి ఎన్ని రెట్ల టార్క్ పంపగలదో చెప్పే అంకె) 2.5 అనుకుంటే, బయటి చక్రానికి 500 వరకూ వెళ్లి మొత్తం 700 అవుతుంది. అయితే చక్రం గాల్లో ఉన్నప్పుడు దాని పట్టు సున్నా, సున్నాను ఎంతతో హెచ్చవేసినా సున్నాయే కనుక హెలికల్ డిఫరెన్షియల్ అక్కడ దాదాపు చేతులెత్తేస్తుంది. ప్లేట్ల రకంలో స్ప్రింగులు ముందుగానే ప్లేట్లను అదిమి ఉంచుతాయి కాబట్టి (దీన్నే ప్రీలోడ్ అంటారు), చక్రం లేచినా రెండోదానికి కొంత బలం తప్పక అందుతుంది.

చక్రం లేస్తోందని తేలినా వెంటనే ప్లేట్ల రకం కొనవద్దనే నా సలహా. మలుపులో కారు ఒరగడాన్ని తగ్గించే వెనుక యాంటీ రోల్ బార్‌ను గట్టిపరిస్తే బయటి చక్రాల వైపు జరిగే బరువు బదిలీలో ఎక్కువ భాగాన్ని వెనుక ఇరుసు మోసి, ముందరి లోపలి చక్రం నేల మీద నిలుస్తుంది. అప్పుడు వెనుక లోపలి చక్రం లేవవచ్చు గానీ, ముందు చక్రాలతో నడిచే రేసు కారుకు అదేమీ నష్టం కాదు.

మీ ఇంజిన్ బలానికి హెలికల్ రకం చాలు. అది స్టీరింగ్‌ను పెద్దగా లాగదు, అందులో అరిగే ప్లేట్లు ఉండవు. పైగా మీ కారులో గేర్‌బాక్సుకూ డిఫరెన్షియల్‌కూ ఆయిల్ ఒక్కటే; ప్లేట్లు అరిగిన పొడి దానిలోనే కలుస్తుంది, ప్లేట్ల చప్పుడు తగ్గించడానికి వేసే మందు గేర్లు సాఫీగా మారేలా చేసే సింక్రో రింగుల పనిని చెడగొట్టవచ్చు.

ట్రాక్ అంచున ఎత్తుగా ఉండే కెర్బుల మీదుగా ఎక్కించక తప్పని మలుపుల వల్ల ప్లేట్ల రకమే కావాలనుకుంటే, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే బిగిసే వన్‌వే గానీ, వదిలినప్పుడు స్వల్పంగా బిగిసే ఒకటిన్నర వే గానీ తీసుకోండి. రెండువైపులా సమానంగా బిగిసే టూవే, మలుపులోకి దిగేటప్పుడు ముందు చక్రాల కారును తిరగనివ్వదు. బిగించిన రోజే గేరును న్యూట్రల్‌లో పెట్టి, ఒక ముందు చక్రాన్ని జాకీతో లేపి, రెండోదాన్ని నేల మీదే ఉంచి, లేపిన చక్రం తిరగడానికి ఎంత బలం పడుతుందో టార్క్ రెంచితో కొలిచి రాసి పెట్టుకోండి. ప్రతి రేసు తర్వాతా మళ్లీ కొలవండి. ఆ అంకె బాగా పడిపోతే ప్లేట్లు మార్చే సమయం వచ్చినట్టే.