చీతాకు సున్నం పడదు
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా కళాశాల ఆవరణలో దిమ్మె మీద పాత సైనిక హెలికాప్టర్ ఒకటి ఉంది. కొందరు చేతక్ అంటారు, కొందరు చీతా అంటారు. తేల్చుకునేదెట్లా? (అనంతపురం)

ముందు కాళ్లు చూడండి. మూడు చక్రాలుంటే చేతక్. చక్రాలు లేకుండా రెండు పక్కలా పొడుగాటి గొట్టాల (స్కిడ్ల) మీద కూర్చుని ఉంటే చీతా. తర్వాత తోక. రేకు తొడుగుతో మూసి ఉంటే చేతక్. సెల్ టవర్‌ను అడ్డంగా పడుకోబెట్టినట్టు ఇనుప గొట్టాల జాలీ కనబడితే చీతా. బ్లేడ్లు రెండింటికీ మూడే, ఇంజనూ రెండింటిదీ ఆర్టూస్ట్ 3బి. పొరపాటు అక్కడే వస్తుంది.

రెండూ ఫ్రాన్స్ నమూనాలే. చేతక్ అసలు పేరు అలువెట్ 3, అది 1959లో తొలిసారి ఎగిరింది. చీతా అసలు పేరు లామా, అది 1969లో ఎగిరింది. ఎత్తైన కొండల్లో పనికొచ్చేది కావాలని మన సైన్యం అడగబట్టే లామా పుట్టింది. అలువెట్ 2 ఒళ్లు తీసుకుని, దానికి అలువెట్ 3 ఇంజను, గేర్‌బాక్స్, రోటర్ (పైన తిరిగే బ్లేడ్ల అమరిక) బిగించారు. 870 హార్స్‌పవర్ ఇంజనును అందులో 550 దగ్గరే కట్టేసి వాడతారు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి ఇంజను సత్తువ తగ్గుతుంది కదా, ఆ మిగులే అక్కడ అక్కరకొస్తుంది. ఖాళీ బరువు వెయ్యి కిలోలకు కాస్త పైన, అంతే. 1972 జూన్ 21న జాన్ బూలే అనే ఫ్రెంచి పైలట్ లామాను 12,442 మీటర్ల ఎత్తుకు తీసుకుపోయాడు. 1984 ఏప్రిల్ 13న సియాచిన్‌లో బిలాఫోండ్ లా కనుమ మీద మన జవాన్లను దించినవీ చీతాలే. మన దేశంలో రెండింటినీ తయారుచేసింది బెంగళూరు హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్).

ప్రశ్న: ఏటా ఆగస్టు 15కు ముందు దిమ్మెకు సున్నం, హెలికాప్టరుకు ఆకుపచ్చ ఆయిల్ పెయింటు వేయిస్తున్నాం. అయినా ఏడాది తిరక్కముందే రంగు పొరలు పొరలుగా లేస్తోంది. గీకితే అడుగున తెల్లటి పొడి రాలుతోంది. ఎందుకిలా? (కడప)

మీరు చెప్పినదాంట్లో రెండు తప్పులున్నాయి. ముందు సున్నం సంగతి. తడి సున్నం క్షారం, అల్యూమినియానికి అది పడదు. దిమ్మెకు కుంచె ఆడించేటప్పుడు స్కిడ్ల మీదా పొట్ట రేకు మీదా చుక్కలు చిందుతాయి. ఎండాక తుడిచేస్తే పోతుందనుకుంటారు. ఆరేలోపే అది రేకును కొరికి ఉంటుంది. చుక్క ఊడిన చోట వేలితో తడిమి చూడండి, గరుకు తగులుతుంది. తర్వాత వానతడి నిలిచి తెల్ల పొడి మొదలయ్యేది అక్కడే. దిమ్మెకు సున్నం మానేసి బేతంచెర్ల నాపరాళ్లు పరిపించండి, ఏటా ఆ పనే ఉండదు. రాళ్లు పరిచేటప్పుడు సిమెంటు నీళ్లు కూడా చిందకూడదు, అదీ క్షారమే. స్కిడ్లకు ప్లాస్టిక్ పట్టా చుట్టి పని చేయించి, సాయంత్రం విప్పేయండి. స్కిడ్ గొట్టం నేరుగా రాతి మీద ఆనితే ఆ సందులో తడి నిలుస్తుంది. మధ్యలో 10 మి.మీ. మందం నైలాన్ పలక ముక్కలు పెట్టండి.

ఇక రంగు. కిటికీ ఊచలకు వేసే ఆయిల్ పెయింటు నున్నటి అల్యూమినియాన్ని పట్టుకోదు. ఏటా పాత పొర మీదే కొత్త పొర వేస్తూ పోతే ఆ బరువుకు మొత్తం అట్టు లేచినట్టు లేస్తుంది. సరైన వరుస ఇది. ముందు లేచిన రంగును ప్లాస్టిక్ గీకుడు బద్దతో తీయాలి. ఇనుప బ్రష్షు, ఇనుప పీచు అల్యూమినియానికి తాకించకూడదు. వాటి రజను రేకులో దిగి, అక్కడ తుప్పు మొదలవుతుంది. తెల్ల పొడిని నైలాన్ స్క్రబ్బరుతో పోగొట్టి, 320 నంబరు వాటర్ పేపరుతో తడిపి రుద్దాలి. పొడిగా రుద్దొద్దు. సైనిక విమానాల పాత ప్రైమర్లలో క్రోమేట్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెస్తుంది. మాస్కు, చేతొడుగులు తప్పనిసరి. రుద్దగా వచ్చిన బురదను కాలువలో పారబోయకుండా డబ్బాకెత్తాలి. బాగా ఆరాక ఎచ్ ప్రైమర్ (లోహాన్ని పట్టుకునే అడుగు రంగు) పలచగా ఒక పూత, దాని మీద రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్, చివర మెరుపు లేని పాలీయురేథేన్ రంగు రెండు పూతలు. ఎచ్ ప్రైమరూ ఎపాక్సీ ప్రైమరూ ఒకే కంపెనీవి కొనండి. కొన్ని ఎపాక్సీలు ఎచ్ ప్రైమర్ మీద నిలవవు, కాబట్టి డబ్బా మీది సూచన చదివాకే మూత తీయండి. ప్రైమర్ లీటరు 8 నుంచి 10 చదరపు మీటర్లకు వస్తుంది. మన ఎండల్లో మధ్యాహ్నం స్ప్రే చేస్తే తుంపర రేకును చేరేలోపే ఆరి ఇసుక చల్లినట్టవుతుంది. ఉదయం తొమ్మిదిలోపు ముగించండి. చీతా తోక జాలీకి స్ప్రే దండగ, సగం రంగు సందుల్లోంచి గాలికి పోతుంది. అక్కడ కుంచే మేలు.

రంగు మొదలుపెట్టే ముందు ఒక పని మరవకండి. ఒంటి మీదున్న ప్రతి అంకె, ప్రతి హెచ్చరిక, బాణం గుర్తు మీద ట్రేసింగ్ పేపరు పెట్టి గీసుకోండి. పక్కన స్కేలు ఆనించి ఫొటో తీయండి. సైన్యం వేసిన అక్షరాల కొలతలు ఒకసారి పోతే మళ్లీ దొరకవు. ఆ తర్వాత బోర్డు పెయింటరు తన చేతివాటంతో రాసిందే మిగులుతుంది.

కడగడానికి బోరు నీళ్లు వాడొద్దు. మన జిల్లాల బోరు నీళ్లలోని ఉప్పు ఆరిపోయాక అతుకుల్లో, రివెట్ల చుట్టూ మిగిలిపోయి లోహాన్ని తింటుంది. వీధి చివర దొరికే 20 లీటర్ల ఫిల్టరు నీళ్ల క్యాన్లు ఐదారు చాలు. పది లీటర్లకు రెండు మూతల కారు షాంపూ కలుపుకోండి. బట్టల సోడా వద్దు, అదీ సున్నం కోవకే వస్తుంది. మెరుపు కోసం చింతపండు రుద్దించేవాళ్లూ ఉన్నారు. అది ఇత్తడి బిందెలకు. వానలకు ముందొకసారి, నవంబరులో ఒకసారి కడిగితే చాలు.

ప్రశ్న: చీతా తోక గొట్టాల్లో ఒకటి తుప్పుపట్టి చిల్లు పడింది. వెల్డింగు చేయించవచ్చా? (ప్రొద్దుటూరు)

వద్దు. ఇంధన ట్యాంకు ఖాళీ అని చెప్పినా, లోపలి ఆవిరికి ఒక్క రవ్వ చాలు. పైగా చిల్లు బయటికి కనబడిందంటే గొట్టం లోపలి నుంచి పలచబడి ఉంటుంది. ఆ రేకు వెల్డింగు వేడికి ఇంకా కరుగుతుంది. చెక్క సుత్తితో గొట్టం పొడవునా మెల్లగా తట్టుకుంటూ రండి. గట్టిగా ఉన్నచోట కంగుమంటుంది, తుప్పు తిన్నచోట మొద్దుగా మోగుతుంది. మొద్దుగా మోగిన భాగానికి రెండు వైపులా ఒక్కో జానెడు కలుపుకుని, నిలువునా చీల్చిన గొట్టం రెండు ముక్కలను కవచంలా తొడిగి, స్టెయిన్‌లెస్ క్లాంపులతో బిగించండి. మధ్యలో ఎపాక్సీ ప్రైమర్ పూత ఉండాలి. రేపు మెరుగైన పద్ధతి దొరికితే విప్పుకోవచ్చు కూడా. నీళ్లు దిగిన గొట్టాన్ని అట్టడుగున తెరిచి నీళ్లు కారిపోనివ్వండి. లేకపోతే పైన ఎంత రంగు వేసినా లోపల తుప్పు ఆగదు.

ప్రశ్న: ముందున్న అద్దం మసకబారింది, అంచుల్లో సన్నని గీతలు పాకాయి. ఏం వేసి తుడవాలి? (గుత్తి)

అది అద్దం కాదు, యాక్రిలిక్ అనే ప్లాస్టిక్. అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రవం, స్పిరిట్, థిన్నర్, పెట్రోలు ఏది తగిలినా లోపల సాలెగూడులాంటి పగుళ్లు లేస్తాయి. మీరు చెప్పే గీతలు బహుశా అవే. అవి పోవు, పెరగకుండా ఆపగలం. ముందు నీళ్లు ధారగా పోసి దుమ్మును జార్చండి. దుమ్ముండగా తుడిస్తే గుడ్డే గరుకు కాగితం అవుతుంది. తర్వాత షాంపూ నీళ్లు, పాత మెత్తటి నూలు పంచె. గుండ్రంగా కాక ఒకే దిక్కుకు తుడవండి.

అంచుల్లో పగుళ్లకు స్క్రూలు గట్టిగా బిగించడం మరో కారణం. రాత్రికీ మే నెల మధ్యాహ్నానికీ ఆ పలక వేడిలో 30 డిగ్రీల తేడా వస్తే, మీటరు పొడవుకు రెండు మి.మీ. సాగుతుంది. చుట్టూ ఉన్న అల్యూమినియం చట్రం అందులో మూడో వంతే సాగుతుంది. సాగడానికి చోటు లేక పలక పగులుతుంది. స్క్రూ బిగిశాక పావు చుట్టు వెనక్కి తిప్పండి. పాకుతున్న పగులు కొనలో 3 మి.మీ. రంధ్రం, డ్రిల్లును నెమ్మదిగా తిప్పుతూ వేస్తే పగులు అక్కడితో ఆగుతుంది. సూపర్ గ్లూ పోయొద్దు, తెల్లగా పొగచూరినట్టవుతుంది.

ప్రశ్న: మా దగ్గర గాలి ఎక్కువ. బ్లేడ్లు ఊగుతూ కిర్రుమంటున్నాయి. తాళ్లతో లాగి కట్టేశాం, సరిపోతుందా? (ఉరవకొండ)

గాలిమరలు పెట్టేంత గాలి ఉన్న ఊరు మీది, జాగ్రత్త పడాల్సిందే. అయితే ‘లాగి’ కట్టడమే తప్పు. బ్లేడు తన బరువుకు సహజంగా కాస్త వాలి ఉంటుంది. దాన్నింకా కిందికి వంచితే మొదలు దగ్గర ఏడాది పొడుగునా ఒత్తిడి పడుతుంది. పైకి లేవకుండా ఆపితే చాలు. కొనకు కాన్వాసు గుడ్డ తొడుగు వేసి, దానికి కట్టిన తాడును తోకకో స్కిడ్‌కో చేర్చి, వదులు పోయేవరకు మాత్రమే బిగించండి. మూడింటికీ మూడు తాళ్లు. లేకపోతే కట్టిన బ్లేడు ఆగుతుంది, కట్టనిది రోటర్‌ను తిప్పుతుంది. పచ్చరంగు ప్లాస్టిక్ తాడు ఎండకు ఏడాదిలో పిండవుతుంది. ఆషాఢం గాలులకు ముందు ఏటా కొత్త తాళ్లు మార్చండి.

తాళ్లు కట్టేటప్పుడే ఒకటి సరిచూసుకోండి. లారీలో తేవడానికి బ్లేడ్లు విప్పి, ఇక్కడ తిరగేసి బిగించిన హెలికాప్టర్లు కనబడుతుంటాయి. ఈ రెండు రకాల్లోనూ రోటర్ పైనుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది. అంటే తోక మీదికి వచ్చిన బ్లేడుకు మందపు గుండ్రటి అంచు పైలట్ ఎడమచేతి వైపు, పలచటి అంచు కుడివైపు ఉండాలి. తెలిసినవాళ్లు గేటు దగ్గరి నుంచే పట్టేస్తారు.

ప్రశ్న: లోపల తేనెటీగలు పట్టు పెట్టాయి, పావురాలు చేరాయి. మీటర్లు కొన్ని పగిలాయి. లోపలంతా శుభ్రం చేయించవచ్చా? (ఆదోని)

తేనెపట్టును పొగ వేసి లేపే పని అనుభవం ఉన్నవాళ్లకే, అదీ ట్యాంకులో ఇంధనమూ దాని ఆవిరీ లేవని తేలాకే. తర్వాత ఇంజను పొగ గొట్టం, గాలి పోయే రంధ్రాలు అన్నిటికీ స్టెయిన్‌లెస్ జాలీ బిగించండి. గుడ్డలు కుక్కకండి, తడి పీల్చి పట్టుకుంటాయి. పావురాల రెట్ట పుల్లన, లోహాన్ని తింటుంది. తడిపి తీయండి, ఎండుది ఊడిస్తే దాని దుమ్ము ఊపిరికి చేటు.

పగిలిన మీటర్లను మాత్రం ముట్టకండి. పాతకాలం సైనిక మీటర్లలో ముళ్లూ అంకెలూ చీకట్లో మెరవడానికి రేడియం రంగు పూసేవారు. ఇప్పుడు మెరవడం లేదు కదా అనుకోవద్దు. చచ్చిపోయింది మెరిసే పొడి, రేడియం కాదు. అది సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. పగిలిన గాజు దగ్గర చీపురు ఆడించకుండా, క్యాబిన్‌కు తాళం వేసి, ముందు రేడియేషన్ మీటరుతో కొలిపించండి. కొలత ఎక్కువ వస్తే అణుశక్తి నియంత్రణ మండలికి రాసి వాళ్లు చెప్పినట్టు చేయండి. గేర్‌బాక్స్ లాంటి పోత భాగాల మీద తెల్లగా పొంగినట్టుంటే గ్రైండర్ పెట్టకండి. ఆ కాలపు పోతల్లో మెగ్నీషియం ఉంటుంది, దాని రజను అంటుకుంటే నీళ్లకు ఆరదు. పక్కన పొడి ఇసుక బకెట్ ఉంచుకోండి.

ప్రశ్న: 2009 అక్టోబరు వరదల్లో మా ఊళ్లో మిద్దెల మీద పొట్లాలు వేసిన హెలికాప్టర్ ఇదేనని పెద్దలంటున్నారు. శిలాఫలకం మీద అలా రాయించవచ్చా? (కర్నూలు)

లాగ్‌బుక్ (ఎప్పుడు ఎక్కడ ఎగిరిందో రాసే పుస్తకం) చూడకుండా రాయించకండి. రాతి మీద ఎక్కిన తప్పును దింపడం కష్టం. ఆ రోజుల్లో నగరం మీద హెలికాప్టర్లు తిరిగిన మాట నిజం. ఆ పని చేసింది ఇదేనా అన్నది వేరే ప్రశ్న. క్యాబిన్‌లో తయారీ పలక ఉంటుంది. దాని మీది నంబరూ తోక మీది సీరియల్ నంబరూ రాసుకుని, మీకు హెలికాప్టర్ అప్పగించిన విభాగానికి, ఏ ఏళ్లలో ఏ యూనిట్లో ఉందో చెప్పమని ఉత్తరం రాయండి. జవాబు వచ్చేదాకా ఫలకంలో రకం, సీరియల్ నంబరు, తయారీ సంవత్సరం, ఇంజను, 11.02 మీటర్ల రోటర్ వ్యాసం చాలు. ఫ్లెక్సీ కాకుండా నల్ల గ్రానైటు మీద ఆళ్లగడ్డ శిల్పులతో చెక్కించండి.

పెద్దల మాటను వదిలేయమని కాదు. దాన్ని వాళ్ల మాటగానే రికార్డు చేసి ఉంచండి. అలాగే మీ జిల్లాలో ఈ హెలికాప్టర్ల మీద పనిచేసి రిటైరైన టెక్నీషియన్లుంటే వాళ్ల దగ్గర కూర్చోండి. ‘మీ అనుభవాలు చెప్పండి సార్’ అంటే పొడిపొడిగా చెప్పి ఊరుకుంటారు. గడ్డకట్టే చలిలో రాత్రి బ్యాటరీని ఏం చేసేవారు, చేతొడుగులతో ఏ నట్టు బిగించలేకపోయేవారు, ఎన్ని కిలోలు దాటితే పైలట్ వద్దనేవాడు అని అడగండి. రికార్డింగుకు రెండు కాపీలు, రెండు వేర్వేరు చోట్ల దాచండి.

ప్రశ్న: ఎండావానలకు టార్పాలిన్ కప్పితే సరిపోతుందా? (జమ్మలమడుగు)

దాని కంటే ఏమీ కప్పకపోవడమే నయం. కింద చెమ్మ పడుతుంది, గాలికి కొట్టుకుని యాక్రిలిక్‌ను గీరుతుంది. 14 మీటర్ల చదరంలో, చూరు నాలుగున్నర మీటర్ల ఎత్తులో, పక్కలు తెరిచిన రేకుల షెడ్డు వేయించండి. స్తంభాల పునాది గట్టిగా ఉండాలి, పక్కలు తెరిచిన కప్పును గాలి కింది నుంచి ఎత్తుతుంది.

ప్రశ్న: గణతంత్ర దినానికి ఒక్కసారి ఇంజను స్టార్ట్ చేసి పిల్లలకు చూపించాలని ఉంది. (తాడిపత్రి)

వద్దండి. అది నిమిషానికి 33,500 చుట్లు తిరిగే టర్బైన్. ఏళ్ల తరబడి నిలబడిన బేరింగులతో తిప్పితే ముక్కలు రేకును చీల్చుకుని బయటికొస్తాయి. పిల్లలకు చూపించాలంటే తాళ్లు విప్పి, ఇద్దరు పెద్దవాళ్లు బ్లేడు మొదలు దగ్గర పట్టుకుని, గడియారం ముల్లు దిశలోనే చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. తోక చివరి చిన్న రోటర్ కూడా దానితోపాటే తిరుగుతుంది కాబట్టి, ఆ పక్క పిల్లల్ని నిలబెట్టకండి. ఎక్కడైనా బిగుసుకున్నట్టు అనిపిస్తే బలవంతం చేయకుండా ఆపేసి, తాళ్లు మళ్లీ కట్టేయండి.