అందరూ సంబరంలో ఉన్నప్పుడు మీకు మాత్రం ఆ సంతోషం కలగకపోతే ఏం చేస్తారు?

చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకే విషయానికి పొంగిపోతుంటేనో ఏడుస్తుంటేనో మీకేమీ అనిపించట్లేదని, ఇది మీలో లోపమా అని అడిగారు. లోపం అని నేననుకోను. నా సంగతి చెప్తాను, మీకు పనికొస్తే తీసుకోండి.

2014లో హైదరాబాద్ విద్యానగర్‌లో ముగ్గురం ఒక గదిలో ఉండేవాళ్లం. ఒకడిది హన్మకొండ, ఇంకొకడిది గుంటూరు దగ్గర పల్లె, నాది కూనవరం మండలం. శబరి వచ్చి గోదావరిలో కలిసేది మా దగ్గరే. అప్పుడు మాది ఖమ్మం జిల్లా.

ఫిబ్రవరి 18న లోక్‌సభలో విభజన బిల్లు. ముగ్గురం టీవీకి అతుక్కుపోయాం. ఒకడు దేవుడికి దండం పెట్టుకుంటున్నాడు, ఒకడు గోళ్లు కొరుకుతున్నాడు. సరిగ్గా అప్పుడు ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. ఢిల్లీలోనే ఆగిందని మాకేం తెలుసు? పది నిమిషాలు ముగ్గురం ఒక్క గొంతుతో కేబుల్ అతన్ని తిట్టాం. ఆ ఏడాది మొత్తంలో మా ముగ్గురికీ ఒకేసారి ఒకే భావం కలిగింది ఆ పది నిమిషాలే అనుకుంటా.

మే నెలాఖరులో ఆర్డినెన్స్ వచ్చింది. పోలవరం ముంపు కింద ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి. అందులో కూనవరం ఉంది. భద్రాచలం పట్నం మాత్రం తెలంగాణలోనే ఉంటుంది. మాకు ఆసుపత్రి, సినిమా, సంత, పెళ్లి బట్టలు అన్నీ భద్రాచలమే. మే 29న తెలంగాణ బంద్ జరిగింది, అంటే మా మండలాల కోసమే. ఆ రోజు హన్మకొండ వాడు గొంతు పోయేలా అరిచొచ్చి, "మీ ఊరు ఎటు పోనియ్యం రా" అన్నాడు. నిజంగానే నమ్మి అన్నాడు.

నాలుగు రోజులు గడిచాయో లేదో, జూన్ 1 అర్ధరాత్రి. ఊరంతా పటాకులు. వాడు స్వీట్ డబ్బాతో వచ్చి నన్ను పట్టుకుని ఊపేశాడు. వాడి పెదనాన్న 1969 ఉద్యమంలో దెబ్బలు తిన్నవాడు. వీడు 2011 మిలియన్ మార్చ్‌లో ఉన్నాడు, సకల జనుల సమ్మె రోజుల్లో చదువు పక్కన పెట్టాడు. వాడి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నేను స్వీట్ నోట్లో పెట్టుకుని "కంగ్రాట్స్ రా" అన్నాను, పక్కింటి వాళ్లకి కొడుకు పుట్టినట్టు. "ఏంరా, మొఖం గట్ల పెట్టినవ్?" అన్నాడు. ఏం చెప్పను? వాడి రాష్ట్రం వచ్చిన రోజే మా ఊరు అందులో లేకుండా పోయింది.

సరే, అటు సంబరం కుదరలేదు, ఇటు బాధైనా పంచుకుందామా అంటే అదీ రాలేదు. గుంటూరు వాడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. హైదరాబాద్ పోయిందని వాడి దిగులు. నన్ను చూసి "రారా, ఇక నువ్వూ మావాడివే" అన్నాడు నవ్వుతూ. ఓదార్పుగానే అన్నాడు, నాకు మాత్రం ఒళ్లు మండింది.

ఇంటికి ఫోన్ చేశాను, కనీసం మావాళ్లయినా నాలాగే రగిలిపోతుంటారని. నాన్న మాట్లాడిందంతా మిర్చి చేను పరిహారం గురించి. ఊరు మునిగేదెప్పుడో, ఎకరానికి ఎంతిస్తారో, పేరు లిస్టులో ఉందో లేదో. రాష్ట్రం మాటెత్తితే "ఏ రాష్ట్రంలో మునిగితే ఏందిరా" అన్నాడు. నాయనమ్మ ఫోన్ లాక్కుంది. 1959 దాకా భద్రాచలం ప్రాంతం తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది. ఆమె అప్పుడు అక్కడ పుట్టి, ఖమ్మం జిల్లాలో పిల్లల్ని పెంచి, 2014లో మళ్లీ తూర్పుగోదావరిలోకి వచ్చింది. అన్నీ ఆ ఒక్క ఊళ్లోనే. ఆమె అడిగింది ఒక్కటే: "అయితే నా పింఛను ఆగుద్దా?"

ఆ రాత్రి నాకు అనిపించిన ఒంటరితనం మీ ప్రశ్నలో ఉన్నదే. నాదే తప్పేమో అని చాన్నాళ్లు అనుకున్నాను కూడా.

తర్వాత నేను చేసినవి రెండు. నటించడం మానేశాను, అంతకంటే ముఖ్యం, వాదించడం మానేశాను. "నువ్వెందుకు సంతోషపడుతున్నావ్, నా ఊరు పోతుంటే" అని హన్మకొండ వాడితో నెల రోజులు గొడవపడ్డాను. ఏం లాభం లేదు. ఎవరి సంతోషాన్నయినా తర్కంతో ఆపగలమా? చివరికి ఒకరోజు వాళ్ల పెదనాన్న గురించి అడిగాను. రెండు గంటలు చెప్పాడు. నాకు వాడి సంతోషం రాలేదు, ఇప్పటికీ రాలేదు. కానీ అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసింది. ఆ తర్వాత వాడు మా ఊరి గురించి అడిగాడు. అంతకుముందు అడిగింది లేదు, మా కోసం బంద్ చేసినప్పుడు కూడా.

మీకు చెప్పగలిగింది ఇదే: భావం రావట్లేదని దాచుకోకండి, ఎదుటివాళ్లది తప్పని రుజువు చేయబోకండి. "నీకు ఎందుకలా ఉంది, చెప్పు" అని అడగండి. అందరూ చెప్తారని కాదు. గుంటూరు వాడు నాకు ఇంతవరకూ చెప్పలేదు. అడిగితే "వదిలెయ్ రా" అంటాడు. వదిలేశాను.

2022 జులైలో గోదావరి వచ్చింది. భద్రాచలంలో మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకి. ఆ నెల 16న 71.3 అడుగులకి చేరింది. నేనప్పుడు బెంగళూరులో. ఇంట్లో ఫోన్లు పనిచేయట్లేదు. రాత్రంతా నీటిమట్టం చూసుకుంటూ కూర్చున్నాను. మా ఆవిడది అనంతపురం, నీళ్లు రాకపోతే ఏడవడం తెలిసిన ఇల్లు. "అంకెలు చూస్తే తగ్గుతుందా, పడుకో" అంది. ఆమెకి అర్థం కాలేదు, నాకు కోపమూ రాలేదు. తెల్లవారుజామున హన్మకొండ వాడి మెసేజ్: "తగ్గుతుంది రా, ఇప్పుడే చూసిన." వాడూ నాతో పాటే మేలుకుని ఉన్నాడు. నాకు తెలీదు.

మూడు రోజులకి నాన్న ఫోన్. గుట్ట మీద టార్పాలిన్ కింద ఉన్నారట, సిగ్నల్ కోసం ఇంకా పైకెక్కి చేశాడు. ఆ గొంతు వినగానే నాకు ఏడుపు ఆగలేదు. ఆయన మాత్రం మంచి హుషారుగా ఉన్నాడు. 1986 వరదకి మా ఇంటి గోడ మీద గీసిన గీత ఒకటుంది.

"భద్రాచలంలో 86 కంటే నాలుగడుగులు తక్కువంట కదరా. మరి మనింట్లో గీత దాటిందేంది?" అన్నాడు. నేను ఏడుస్తూనే ఉన్నాను. "ముందు అది ఆపు. చార్జింగ్ అయిపోతాంది, మేకలకి ఆకు కొయ్యాలి" అని పెట్టేశాడు.