‘నేను ఆకలిగా ఉన్నాను’ అనవచ్చా?

సందేహం: మేము బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ఉంటాం. ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి నెల్లూరులో ఉన్న అమ్మమ్మతో ఫోనులో ‘నేను ఆకలిగా ఉన్నాను’ అంది. ‘అలా అనరమ్మా, నాకు ఆకలిగా ఉంది అనాలి’ అని మా అమ్మ సరిదిద్దింది. ‘నేను సంతోషంగా ఉన్నాను అంటే తప్పు కానప్పుడు ఇది మాత్రం ఎందుకు తప్పు?’ అని అమ్మాయి నిలదీసింది. మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. మరొక సంగతి. మా వీధిలో తరాలుగా స్థిరపడిన తెలుగువారు ‘నాకు భయమైంది’ అంటారు. అది కన్నడ ప్రభావమా? తప్పా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: మీ అమ్మగారు చెప్పిందే సరైన వాడుక. అయితే కారణం అడిగిన పిల్లకు కారణం చెప్పి తీరాలి. ‘అలా అనకూడదు, అంతే’ అని ఊరుకుంటే ఆ పిల్ల తెలుగులో నోరు విప్పడానికే జంకుతుంది.

ముందుగా ఆ అమ్మాయి చేత ఈ రెండు వాక్యాలనూ ఆజ్ఞలుగా మార్పించండి. ‘సంతోషంగా ఉండు’ అనవచ్చు, పెద్దవాళ్ళు దీవించేటప్పుడు అనే మాటే అది. ‘దిగులుగా ఉండకు’, ‘కోపంగా ఉండకు’ అనీ అంటాం. ‘ఆకలిగా ఉండకు’, ‘చలిగా ఉండు’ అనగలమా? ఎవరూ అనరు. ఆకలి, చలి, దాహం, దురద మన ఇష్టంతో పని లేకుండా మన మీదికి వచ్చి పడేవి. వాటి విషయంలో మనం చేసేది ఏమీ లేదు, మనకు జరుగుతుందంతే. అందుకే తెలుగు అక్కడ ‘నేను’ను కర్తగా కూర్చోబెట్టదు, ‘నాకు’ అంటుంది. సంతోషం, కోపం, దిగులు రెండు వైపులా మొగ్గుతాయి. అవి మనకు కలుగుతాయి, వాటిలో మనం ఉండనూ ఉంటాం. కాబట్టి వాటికి రెండు వాక్యాలూ చెల్లుతాయి.

చెల్లినంత మాత్రాన రెండూ ఒకటే అనుకోకూడదు. ‘మీరు వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది’ అనడం సహజం. అక్కడ ‘నేను సంతోషంగా ఉన్నాను’ అని పెట్టి చూడండి, అతకదు. ‘ఈ ఊరు వచ్చాక నేను సంతోషంగా ఉన్నాను’ అనేటప్పుడు మాత్రం ‘నేను’ చక్కగా కుదురుతుంది. ఒకటి అప్పటికప్పుడు లోపల కలిగిన అనుభూతి, రెండోది కొంతకాలంగా సాగుతున్న స్థితి. ఇతరుల గురించి చెప్పేటప్పుడు తేడా మరింత స్పష్టం. ‘అతను కోపంగా ఉన్నాడు’ అంటే ముఖం చూసి చెబుతున్న మాట. ‘అతనికి కోపంగా ఉంది’ అంటే అతని మనసులోకి తొంగి చూసి చెబుతున్న మాట. అందుకే ఆ రెండో వాక్యాన్ని ఒంటరిగా వదలడానికి నాలుక ఒప్పుకోదు, ‘కోపంగా ఉందట’ అనో ‘ఉన్నట్టుంది’ అనో ఒక చిన్న తోక తగిలిస్తాం. పరుల మనసును మన కంటితో చూసినట్టు చెప్పకుండా వ్యాకరణమే మనల్ని ఆపుతుంది. నాకు తెలుగులో అత్యంత ఇష్టమైన గుణాల్లో ఇదొకటి.

‘ఆకలితో ఉన్నాను’ అంటే మాత్రం ఏ దోషమూ లేదు. అమ్మాయికి ‘నేను’తోనే చెప్పాలని ఉంటే ‘-గా’ తీసి ‘-తో’ పెట్టమనండి.

అనుభూతి తరువాత వచ్చే క్రియ విషయంలోనూ పిల్లలు తడబడతారు. భయం, సిగ్గు, జాలి, ఆకలి, చలి ‘వేస్తాయి’. కోపం, నవ్వు, ఏడుపు ‘వస్తాయి’. అనుమానం, ఇష్టం ‘కలుగుతాయి’. లోపలే కూర్చునేవి ‘వేస్తాయి’, బయటికి పొంగేవి ‘వస్తాయి’ అని కొంతవరకు చెప్పవచ్చు. నిద్ర ఈ లెక్కకు లొంగదు. ఇవి సూత్రాలు బట్టీ పట్టి నేర్చుకునేవి కావు, అమ్మమ్మతో మాట్లాడి నేర్చుకునేవి.

ఇక్కడ కోపం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ‘నాకు కోపం వచ్చింది’, ‘నేను కోపం తెచ్చుకున్నాను’, ‘నేను కోప్పడ్డాను’. మొదటిదానిలో నా ప్రమేయం లేదు. రెండోదానిలో కొంత ఉంది. మూడోదానిలో పూర్తిగా ఉంది, ఎందుకంటే ‘కోప్పడ్డాను’ అంటే నోరు తెరిచి ఎవరినో కేకలేశాను అని అర్థం. ‘కోపం వచ్చింది కానీ కోప్పడలేదు’ అనే వాక్యంలో మనసుకూ మాటకూ నడుమ ఉన్న గడప కనిపిస్తుంది.

ఆలోచనల విషయంలో ఈ గడప ఇంకా స్పష్టం. ‘నాకు అనిపించింది’, ‘నేను అనుకున్నాను’, ‘నేను అన్నాను’. మూడూ ‘అను’ అనే ఒకే ధాతువు నుంచి వచ్చాయి. ఊహ తనంతట తాను తట్టితే అనిపించడం. దాన్ని పట్టుకుని మనలో మనమే చెప్పుకుంటే అనుకోవడం. పెదవి దాటితే అనడం. ఆలోచన అంటే తనతో తాను మాట్లాడుకోవడమే అని తెలుగు ఎంచుకుంది. గజేంద్రమోక్షంలో పోతన ‘కలఁడందురు’ అని మూడు పాదాల్లో లోకుల మాటను లోకులకే అప్పజెప్పి, చివరి పాదంలో ‘కలఁడు కలండనెడివాఁడు గలఁడో లేఁడో’ అని ఏనుగు సొంత సందేహాన్ని పలికించాడు. ఆ సందేహానికి ‘అందురు’ అన్న అడ్డు లేదు. అది ఎవరో అన్నది కాదు, దానికి అనిపించింది.

బెంగళూరులో ఉన్నందుకు మీకు ఒక సౌకర్యం ఉంది. మీ అమ్మాయి బడిలో కన్నడం నేర్చుకుంటూ ఉంటే ‘అన్నిసితు, అందుకొండె, అందె’ అనే మాటలు ఆమెకు తెలిసే ఉంటాయి. అనిపించింది, అనుకున్నాను, అన్నాను – వరుస మారకుండా అవే. ఆకలి వేస్తే కన్నడంలోనూ ‘నన్‌గె హసివాగిదె’ అంటారు గానీ ‘నాను’తో మొదలుపెట్టరు. తమిళంలో ‘ఎనక్కు పసిక్కిఱదు’. తెలుగు, తమిళ, కన్నడాలది ఒకే కుదురని 1816లో క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాట రాస్తూ అప్పటి మద్రాసు కలెక్టరు ఎల్లిస్ చూపించాడు. వేరే కుటుంబానికి చెందిన హిందీలో కూడా ఆకలి సాధారణంగా ‘ముఝే’తోనే మొదలవుతుంది. కాబట్టి మీ అమ్మాయి వాక్యాన్ని చెడగొట్టింది ఇరుగుపొరుగు భాష కాదు. బడిలో రోజంతా ఇంగ్లీషు వాక్యాలు రాయడం వల్ల ఆ అచ్చులో తెలుగు పోసింది. కన్నడ వాక్యాన్ని పక్కన పెట్టి చూపించండి, తెలుగు వాక్యం దానంతటదే సరిపడుతుంది.

‘ఫీలయ్యాను’ గురించి మీరు అడగలేదు, అయినా ఒక మాట. తెలుగులో అది ఇప్పుడు ఎక్కువగా ‘నొచ్చుకున్నాను’ అనే అర్థంలో స్థిరపడింది. ఆ ఒక్క అర్థానికి వాడితే నాకు అభ్యంతరం లేదు. జాలి వేసినా, సిగ్గు వేసినా, బెంగ పెట్టుకున్నా అదే మాటతో సరిపెట్టడం మాత్రం నాకు బాధ కలిగిస్తుంది. ఏ అనుభూతి ఎటునుంచి వచ్చిందో, అందులో మన పాలు ఎంతో చెప్పే క్రియలన్నీ అలా మూలపడతాయి.

ఇక ‘నాకు భయమైంది’. ఇది తప్పు కాదు. కన్నడంలో ‘నన్‌గె భయ ఆయ్తు’ అంటారు కాబట్టి బెంగళూరు తెలుగువారి నోట ఆ వాడుకకు బలం చేకూరి ఉండవచ్చు. అయితే కన్నడం వినిపించని తెలంగాణ ఊళ్ళలోనూ ‘భయమైంది’ అంటారు. ‘సంతోషమయ్యింది’ వంటివి పాత తెలుగులోనూ ఉన్నాయి. ఇందులోనూ ‘నాకు’ చెక్కుచెదరలేదు, గమనించండి. పరీక్షలో రాసేటప్పుడు ‘భయం వేసింది’ అని రాయమనండి. వీధిలో ఆ పెద్దలతో మాట్లాడేటప్పుడు వాళ్ళలాగే ‘భయమైంది’ అన్నా ఆ అమ్మాయిని సరిదిద్దవద్దు.