వాక్స్ డబ్బా మూత అప్పుడే తీయకు, తమ్ముడూ

దేవరకొండ తమ్ముడు అడిగిన సందేహం చిన్నదే. ఒహాయోకు వచ్చి నాలుగు నెలలైంది. ఎనిమిదేళ్ల పాత కారు కొన్నాడు. షాపుకు తీసుకెళ్తే కారును లోపలా బయటా మూలమూలలా శుభ్రం చేసి మెరిపించే డిటెయిలింగ్‌కు మూడు వందల డాలర్లు అన్నారట. "అన్నా, ఇంటి దగ్గరనే చేసుకుంట. ముందు పాలిష్ కొట్టాల్నా, వాక్స్ పెట్టాల్నా? క్లే అంటున్నరు, అదెప్పుడు?" అని అడుగుతున్నాడు. పాలిష్ గీతలను అరగదీసేది, వాక్స్ పైన పూతలా కాపాడేది, క్లే పెయింటుకు అంటుకున్న మురికిని లాగేసే బంకమట్టి లాంటి ముద్ద. నాలుగు లైన్లలో జవాబు చెప్పొచ్చు. చెబితే నువ్వు నాలుగు లైన్లూ చదివి, నేను చేసిన తప్పులే చేస్తావు. అందుకే కొంచెం ఓపిక పట్టు.

సెలవు మీద వచ్చి నల్లగొండలో మా ఇంట్లోనే కూర్చొని ఇది రాస్తున్నాను. నిన్న పొద్దున ఎండెక్కకముందే మా తమ్ముడి కారు వాకిట్లో పెట్టి కడిగాను. రెండు బకెట్లు, మూడు రంగుల గుడ్డలు, చక్రాలకు వేరే బ్రష్ చూసి పక్కింటి పెద్దనాయిన అరుగు మీద నుంచి "ఏందిరా, బండికి పెండ్లి చేస్తున్నవా?" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. ఈ రెండు బకెట్ల తెలివి రావడానికి నాకు ఎన్ని డాలర్లు ఖర్చయ్యాయో ఆయనకేం తెలుసు.

2006లో నేను టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో దిగాను. అప్పుడు డాలరుకు దాదాపు నలభై అయిదు రూపాయలు. నాయిన నా కోసం తెచ్చిన నాలుగు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీవి. నెల తిరిగితే ఎనిమిది వేలు. నన్ను తీసుకొచ్చిన కన్సల్టెన్సీ వాళ్లు రెండు నెలలు జీతం లేకుండా కూర్చోబెట్టారు. ఆఖరికి ప్రాజెక్టు దొరికితే ఆఫీసుకు బస్సు లేదు. రూమ్మేట్ దగ్గర చేబదులు తీసుకొని మూడు వేల రెండు వందల డాలర్లకు ఒక పాత కామ్రీ కొన్నాను. నల్ల కారు. నల్ల కారు మీద గీత ఎంత బాగా కనిపిస్తుందో కొన్నాకే తెలిసింది.

దాన్ని కార్‌వాష్‌కు తీసుకెళ్తే ఎనిమిది డాలర్లు. ఎనిమిదిని నలభై అయిదుతో గుణించాను. నువ్వూ ఇప్పటి రేటుతో గుణిస్తూనే ఉంటావు, నాకు తెలుసు. మూడు వందల అరవై రూపాయలు పెట్టి కారు కడిగించుకుంటే నాయిన ఏమంటాడు? ఆయన తన బండిని రోజూ పొద్దున చినిగిన బనీనుతో తుడిచేవాడు, పండుగ ముందు చెరువులో దింపి కడిగేవాడు. పైసా ఖర్చు లేదు. నేనూ అంతే అనుకున్నాను.

ఆగస్టు ఆదివారం, మిట్టమధ్యాహ్నం. అపార్టుమెంటు వెనక ఒక బకెట్, గిన్నెల సబ్బు, గిన్నెలు తోమే పీచు, పాత బనీను. ముందు బానెట్ రుద్దాను. అదే పీచుతో చక్రాలు రుద్దాను. చక్రాల మీది నల్లటి పొడి అంతా నీళ్లలోకి దిగింది. ఆ నీళ్లతోనే తలుపులు కడిగాను. ఒకవైపు కడిగేలోపు రెండోవైపు సబ్బు ఎండకు అట్ట కట్టింది. నీళ్లు ఆరినచోటల్లా తెల్లటి చుక్కలు. మన బోరు నీళ్లు ఆరితే రాగి బిందె మీద పేరుకుంటుందే, అచ్చం ఆ మరక. మా ఇంట్లో దాన్ని ఫ్లోరైడ్ అనేవాళ్లు. ఫ్లోరైడ్ కంటికి కనపడదు. ఆ తెలుపంతా కాల్షియం, మెగ్నీషియం వంటి లవణాలది.

చుక్కలు పోవాలని వాటి మీదే వాక్స్ రుద్దాను. అంటే మట్టిని, లవణాన్ని లోపల పెట్టి పైన మూత వేశాను. సాయంత్రం వీధి దీపం కింద చూస్తే బానెట్ నిండా సాలెగూడు గీతలు. మర్నాడు అపార్టుమెంటు ఆఫీసు నుంచి కాగితం: ఇక్కడ కార్లు కడగరాదని అగ్రిమెంటులో ఉంది, యాభై డాలర్లు కట్టండి అని. రెండు వేల రెండు వందల యాభై రూపాయలు. లక్షకు నెల వడ్డీ రెండు వేలు. లక్ష రూపాయల నెల వడ్డీ, పైన చిల్లర, ఒక్క బకెట్ నీళ్లలో పోయింది. ఎనిమిది డాలర్లు మిగిల్చబోయి.

కాబట్టి అన్నిటికన్నా ముందు అగ్రిమెంటు చదువు. వీధి పక్క కాలువలోకి పోయే నీళ్లు చాలాచోట్ల శుద్ధి కాకుండానే వాగుల్లోకి పోతాయి, అందుకే కొన్ని ఊళ్లలో కట్టడి ఉంటుంది. మీ సిటీ వెబ్‌సైట్‌లో చూసుకుంటే తెలిసిపోతుంది. కడగనివ్వకపోతే నాణేలు వేసి మనమే కడుక్కునే షెడ్లు ఉంటాయి. అక్కడ కడిగి, మిగతా పని ఇంటి దగ్గర నీడలో చేసుకో. లేదంటే ఒక్క బకెట్ నీళ్లలో కొంచెం కలిపి తుడిచేసే, తర్వాత నీళ్లు పోయక్కర్లేని ద్రవం దొరుకుతుంది. మట్టి మరీ పేరుకున్న కారుకు మాత్రం దాన్ని వాడకు.

ఇక వరుస. మన ఊరి పేరుతోనే ఒక పద్ధతి ఉంది, నీకు తెలిసే ఉంటుంది. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' వాళ్లు తయారుచేసిన నల్లగొండ టెక్నిక్. సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక కలపాలి, కలియబెట్టాలి, మడ్డి కిందికి దిగనివ్వాలి, అప్పుడు వడకట్టాలి. మడ్డి దిగకముందే వడకడితే చేసిందంతా వృథా. కారుకూ అంతే. పైపైన ఉన్న మట్టి ముందు పోవాలి, అంటుకున్నది తర్వాత, రంగులోకి దిగిన గీతలు ఆ తర్వాత. అన్నీ అయ్యాకే మూత, అంటే వాక్స్.

లోపలి పని ముందా, బయటి పని ముందా అని వాదించుకునేవాళ్లు ఉన్నారు. నేను లోపలిదే ముందు చేస్తాను. దుమ్ము బయటికి ఎగిరితే కడగబోయే కారు మీదే పడుతుంది, కడిగిన కారు మీద కాదు. మ్యాట్లు తీసి, ఉతికి, ఆరేసుకుంటే బయటి పని అయ్యేలోపు అవీ ఆరుతాయి. పైనుంచి కిందికి దులిపి, చివర్న వాక్యూమ్ పట్టు. చలికాలంలో కార్పెట్ మీద తెల్లటి ఉప్పు మరకలు పడితే తెల్ల వెనిగర్, గోరువెచ్చటి నీళ్లు సమంగా కలిపి అద్ది తుడువు. డాలర్ ఖర్చు కూడా కాదు.

బయట మొదట చక్రాలు. బాడీ కడిగాక చక్రాలు కడిగితే ఆ మురికి మళ్లీ బాడీ మీద చిందుతుంది, ఈలోపు బాడీ మీది నీళ్లు ఆరి చుక్కలు పడతాయి. చక్రాలు చల్లారాక మొదలుపెట్టు. వాటి బకెట్, బ్రష్, గుడ్డ పూర్తిగా వేరు. చక్రం మీది నల్లపొడిలో బ్రేకుల నుంచి రాలిన ఇనుప రజను ఉంటుంది. అది పెయింటు మీద గరుకు కాగితం పనే చేస్తుంది. నా కామ్రీని అడుగు, చెబుతుంది.

తర్వాత బాడీని నీళ్లతో ధారగా తడిపి, నురగ కొట్టి, కొన్ని నిమిషాలు వదులు, ఆరనివ్వకు. మళ్లీ నీళ్లు. చెయ్యి ఆనకుండానే సగం మట్టి పోతుంది. ఇప్పుడు రెండు బకెట్లు: ఒకదాంట్లో కార్ షాంపూ, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. మైక్రోఫైబర్ చేతి తొడుగుతో పైకప్పు నుంచి కిందికి, ఒక్కో భాగం అయ్యాక తొడుగును ఉత్త నీళ్లలో జాడించి, తర్వాతే షాంపూలో ముంచు. సున్నాలు చుట్టకుండా తిన్నగా తుడువు. తలుపుల అడుగు భాగం ఆఖరున. గిన్నెల సబ్బు వద్దు, అది పాత వాక్స్‌ను ఊడగొడుతుంది. రెండు బకెట్లకు పది డాలర్లు పెట్టడానికి నేను మూడేళ్లు ఆలోచించాను. నువ్వు ఆలోచించకు.

కడిగాక ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కొని బానెట్ మీద మెల్లగా నిమురు. గరగరమంటే ఇంకా ఏదో అంటుకొని ఉంది. ఇనుప రజనును కరిగించే స్ప్రే కొడితే ఊదారంగులో కారుతుంది, చూడటానికి భయంగా ఉంటుంది కానీ అది పనిచేస్తున్నట్టే. తారు చుక్కలకు వేరే మందు. అప్పటికీ గరుకు ఉంటే క్లే. దానికి ఇచ్చే జారుడు ద్రవం ధారాళంగా కొట్టు, పొడిగా రుద్దకు. క్లే ముద్ద కిందపడితే పారెయ్యి. పన్నెండు డాలర్ల ముద్ద అని ఏరుకొని, ఇసుక దులిపి మళ్లీ వాడినవాణ్ని నేను. తలుపు మీద జానెడు గీత పడింది. తర్వాత మళ్లీ నీళ్లు పోసి, పెద్ద టవలు పరిచి అద్దుతూ ఆరబెట్టు.

పాలిష్ ఇప్పుడు. అవసరమైతేనే. పెయింటు మీది పారదర్శక పొర దాదాపు 40, 50 మైక్రాన్లు, తల వెంట్రుక కన్నా పలుచన. పాలిష్ అంటే ఆ పొరను కొంచెం కొంచెం అరగదీయడమే. 2009లో కొలంబస్‌కు మారాక, పాత సాలెగూడు గీతలు పోగొడదామని దోస్తు దగ్గర ఒకేచోట గిరగిర తిరిగే రోటరీ మిషన్ అడిగి తెచ్చాను. వాడు నేర్పిస్తానన్నాడు, నాకేం తెలియదా అన్నాను. బానెట్ అంచు దగ్గర రెండు క్షణాలు ఎక్కువ ఆపాను. అంచుల్లో పొర ఇంకా పలుచన. నల్లరంగు మాసి కింద బూడిదరంగు తేలింది. బానెట్‌కు మళ్లీ రంగు వేయడానికి నాలుగు వందల డాలర్లు అన్నారు. పందొమ్మిది వేల పైచిలుకు రూపాయలు. వేయించలేదు. కారు అమ్మేదాకా ఆ మచ్చ అలాగే ఉంది, అమ్మినప్పుడు కొన్నవాడు దాన్ని చూపించే మూడు వందలు తగ్గించాడు. నాయినకు ఇప్పటికీ చెప్పలేదు.

అందుకని నీకు రోటరీ వద్దు. ఊగుతూ తిరిగే డ్యూయల్ యాక్షన్ మిషన్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకో, కొనకు. ముందు రెండడుగుల చోట అన్నిటికన్నా మెత్తని పాలిష్‌తో చేసి చూడు. దానితో పోతే గట్టిది తెరవనే వద్దు. ఎనిమిదేళ్ల కారుకు కొత్త కారు మెరుపు రావాలని పట్టుబట్టకు.

పాలిష్ నూనె మిగిలితే వాక్స్ పట్టదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు కలిపిన ద్రవంతో తుడిచేసి, అప్పుడు వాక్స్ డబ్బా మూత తియ్యి. పలుచగా, ఒక్కో భాగం. మందంగా రాస్తే ఎక్కువ కాలం ఉంటుందనుకోకు, తుడవడానికి చెయ్యి నొస్తుందంతే. వాక్స్‌కు బదులు వేసే సిరామిక్ కోటింగ్ జోలికి ఈ ఏడు పోకు, ధర చూస్తే నీకే అర్థమవుతుంది. అద్దాలు, టైర్ల నలుపు చివర్న. ఆ నలుపు రోడ్డుకు ఆనే చోట రాశావంటే జారి ప్రమాదం. అద్దాలకు ఫిల్మ్ ఉంటే అమ్మోనియా ఉన్న క్లీనరు వాడకు. గుడ్డలను దుస్తులు మెత్తబరిచే ద్రవం వేయకుండా ఉతుక్కో, అది వేస్తే నీళ్లు పీల్చవు.

ఒహాయోలో నీ అసలు శత్రువు గీత కాదు, మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు. చలికాలంలో పైమెరుపు ఎలా ఉన్నా ఫర్వాలేదు, కారు అడుగు భాగం కడిగించు, అదీ నీళ్లు గడ్డకట్టనంత వెచ్చటి రోజున. దానికి ఇచ్చే పది, పన్నెండు డాలర్లను రూపాయల్లోకి మార్చకు. తుప్పు పడితే దాని లెక్క వేరే ఉంటుంది.

నిన్న కారు తళతళలాడించాక మా తమ్ముడు చెర్వుగట్టు గుడికి తీసుకెళ్లి పూజ చేయించాడు. పూజారి గారు నేను గంటసేపు వాక్స్ పెట్టిన బానెట్ మీద పసుపు కుంకుమ కలిపి వేలితో ఇంత స్వస్తిక్ గీశారు. గుండె జల్లుమంది, పైకి మాత్రం దండం పెట్టాను. నువ్వూ అక్కడ గుడిలో పూజ చేయించుకుంటావు కదా. అద్దం మీద పెట్టమని ముందే చెప్పు.

షాపువాడికి ఇద్దామనుకున్న మూడు వందల్లో నూరు డాలర్లతో సామాను వస్తుంది. మిగతాది ఊరికి పంపు. అప్పు ఎంత వడ్డీకి తెచ్చావో మాత్రం నువ్వు రాయలేదు. ఈసారి రాసేటప్పుడు కారు సంగతి తర్వాత, ముందు అది చెప్పు.