మెడూసా కథ ఎవరి నోట చెప్పించాలి?

చిరంజీవి శ్రావణికి,

పెద్దమ్మ ఆశీస్సులు. గ్రీకు పురాణాల్లో పాముల జుట్టుతో, చూసినవాళ్లను రాళ్లు చేసే మెడూసా మీద నువ్వు రాసి పంపిన కథ చదివాను. భాషకు వంక పెట్టను గానీ, ఇది ఎవరి మెడూసా? గుడిలో దేవుడు చెరిస్తే దేవత ఆమెనే శపించి జుట్టును పాములు చేసిందన్న కథ రోమన్ కవి ఓవిడ్‌ది, క్రీ.శ. 8 ప్రాంతంలో రాసింది. అంతకు ఏడు వందల ఏళ్ల ముందటి గ్రీకు కవి హెసియడ్‌లో గుడీ లేదు, శాపమూ లేదు. అక్కడ ఆమె గోర్గన్‌లనే ముగ్గురు రాక్షస అక్కచెల్లెళ్లలో ఒకతె, చావున్నది ఆమెకొక్కతికే. నువ్వు రెండూ కలిపేశావు. ఏదో ఒకటి పట్టుకో.

నన్నడిగితే ఓవిడ్‌నే పట్టుకోమంటాను. ఆయన దగ్గర ఆ కథ చెప్పేది ఎవరో చూశావా? ఆమె తల నరికిన వీరుడు పర్సియస్! అదీ తన పెళ్లి విందులో. తిని తాగి కూర్చున్నాక ఒకాయన అడుగుతాడు, ఆ అక్కచెల్లెళ్లలో ఈమె జుట్టులోనే పాములెందుకని. చెప్పుకోదగ్గ సంగతే అంటూ మొదలుపెట్టి, ఆ జుట్టు ఒకప్పుడు ఎంత అందంగా ఉండేదో చెబుతాడు. తను చూడలేదు, చూశానన్నవాడెవడో చెప్పాడట. జరిగిన ఘోరమంతా పదీ పన్నెండు పాదాల్లో తేల్చేస్తాడు. కాసేపటికి ఆ విందుసాలలోనే కొట్లాట రేగితే, అదే తల పైకెత్తి శత్రువుల్ని రాళ్లు చేస్తాడు.

ఇంత ఉంటే, నువ్వు మెడూసా చేత మూడు పేజీల ఉపన్యాసం ఇప్పించావు. అది కొట్టెయ్. ఆ విందులో కొత్త పెళ్లికూతురు ఆండ్రోమెడా ఉంది కదా, మొగుడు చెప్పేది ఆమె చెవితో విను. ఆమె ఏం అడగాలనుకుని అడగలేకపోయిందో రాస్తే ఇప్పటి పాఠకుడికి ఇంకేం విడమరిచి చెప్పక్కర్లేదు.

పేర్ల సంగతి. ఓవిడ్‌ను పట్టుకుంటే ఆ దేవతకు మినర్వా, ఆ దేవుడికి నెప్ట్యూన్ అనే రోమన్ పేర్లే రాయి, మధ్యలో అథీనా, పొసైడన్ అని గ్రీకు పేర్లు దూర్చకు. గ్రీకు దేవతల రాజు జ్యూస్‌ను ఇంద్రుడనీ అనకు. పిడుగు దాకా బాగానే సరిపోతుంది, ఆ తర్వాత మన పురాణమంతా వచ్చి అడ్డం పడుతుంది.

తర్వాత, హోమర్ ఒడిస్సీలో యుద్ధానికెళ్లిన మొగుడు ఒడిస్సియస్ కోసం ఎదురుచూసే పెనెలపీ మీద రాస్తానన్నావు. తనను పెళ్లాడతామని ఎగబడ్డవాళ్లను ఆపడానికి ఆమె పగలు నేసి రాత్రి విప్పిన గుడ్డ గురించి చాలామంది రాశారు. నువ్వు ఒడిస్సీ 22వ సర్గ చదువు. తిరిగొచ్చిన మొగుడు ఆ ఎగబడ్డవాళ్లను చంపేశాక, పన్నెండు మంది దాసీల చేత ముందు ఆ శవాలు మోయిస్తారు, బల్లలూ కుర్చీలూ కడిగిస్తారు. ఆపైన పెనెలపీ కొడుకు టెలిమకస్ ఓడ తాడు కట్టి వాళ్లను వరసగా ఉరి తీస్తాడు. కాళ్లు కాసేపు కొట్టుకున్నాయి, ఎక్కువసేపు కాదు అంటాడు హోమర్. అంతసేపూ పెనెలపీ మేడ మీద నిద్రపోతోంది. తర్వాతి సర్గలో లేపడానికి వచ్చిన ముసలి దాది మీద విసుక్కుంటుంది కూడా, మొగుడు వెళ్లినప్పటి నుంచి ఇంత హాయిగా నిద్రపట్టలేదని. చదవడానికి ఇబ్బందిగా ఉంటుందని ఈ సీన్లు వదిలేశావంటే ఊరుకోను.

"అసలు కథ ఇది కాదు" అనేవాళ్లు ఎలాగూ ఉంటారు, దానికి టెన్షన్ పడకు. ఇంకో గ్రీకు కథలోని మెడియా పిల్లల్ని కొరింత్ ఊరి జనమే చంపారన్న కథ కూడా పాతకాలంలో ఉండేది. గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ తల్లి చేతే చంపించాడు. క్రీ.పూ. 431లో ఆ నాటకంతో ఏథెన్స్ పోటీకి దిగితే ముగ్గురిలో మూడో స్థానం వచ్చింది. ఇవాళ మెడియా అంటే అందరికీ గుర్తొచ్చేది ఆయన మెడియానే.

సంక్రాంతికి వస్తాను. అప్పటికి ఆండ్రోమెడా భాగం రాసి ఉంచు, ప్రింటు తీసి పెట్టు, నాకు ఫోన్‌లో చదవడం కష్టం.

మీ పెద్దమ్మ